సత్యశ్రీ విమానంలోంచి దూకలేదు

మా భవానీపురంలో బాలశౌరి కిరాణా కొట్టు దగ్గర ఒక మాట పుట్టింది. కాశీరావుగారి అమ్మాయి సత్యశ్రీ హైదరాబాదులో విమానం నడుపుతుంటే ఎదురుగా ఇంకో విమానం వచ్చిందట. అమ్మాయి హడలిపోయి, గొడుగులాంటిది కట్టుకుని కిందికి దూకేసిందట. ఖాళీ విమానం పోయి పత్తి చేలో పడిందట. సాయంత్రానికి ఆ మాట కుమ్మరిపాలెం సెంటరు చేరేసరికి పత్తి చేను మిరప తోట అయింది, అమ్మాయికి కాలు విరిగింది. మర్నాడు పొద్దున పాలాయన చెప్పినప్పుడు విరిగిన కాలికి రాడ్డు కూడా వేసేశారు.

రెండు కాళ్ళూ మడిచి ఆ పిల్ల మా వంటింట్లో పీట మీద కూర్చుని ఉండగానే ఇవన్నీ విన్నాను. కాబట్టి చెప్తున్నాను. సత్యశ్రీ దూకలేదు. దూకడానికి ఆ చిన్న విమానంలో గొడుగే లేదు. జరిగింది వేరు. అది విన్నాక చాలా రోజులు నేను తల ఎత్తి ఆకాశం వైపు చూడలేదు.

నాకెలా తెలుసని మీరు అడగవచ్చు. ఇది తొంభై తొమ్మిదో సంవత్సరం సంగతి. కాశీరావుగారికి ఫోను ఉంది గానీ అది చేపల మార్కెట్లో ఉంది. ఇంట్లో ఫోను పెడితే ఆడవాళ్ళు మాట్లాడుతూ కూర్చుంటారని ఆయన అభిప్రాయం. అందుకని ఆయన భార్య సుధామణి మా నంబరే అందరికీ ఇచ్చింది. మోగితే నేను తీసి, గోడ మీంచి కేకేస్తాను. ఆమె వచ్చి మాట్లాడుతుంది. నేను పక్కనే కూరగాయలు తరుక్కుంటూ ఉంటాను. ఆ ఇంటి సంగతులు ఆ ఇంటివాళ్ళకంటే ముందు నా చెవినే పడేవి.

కాశీరావుగారిది బందరు దగ్గర సముద్రం మీద బతికిన కుటుంబం. ఆయన ఒడ్డు వదిలి బెజవాడ వచ్చి, చేపలు ఐసు పెట్టెల్లో సర్ది హౌరా రైలెక్కించే వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. మంచి మనిషి. తాగరు, చెయ్యి చేసుకోరు. ఒక్కటే పద్ధతి, మాట ఒక్కసారే చెప్తారు. ఎవరైనా వినబడక "ఏంటండీ" అన్నారా, కోప్పడరు. మొహం పక్కకి తిప్పుకుని, ముక్కుతో ఒక నిట్టూర్పు విడుస్తారు. అంతే. ఆ నిట్టూర్పుకి ఆ ఇంట్లో అందరూ గజగజలాడేవారు. అందుకని ఆయన ఏం చెప్పినా, వినబడినా వినబడకపోయినా, "అలాగేనండీ" అనేయడం వాళ్ళకి అలవాటైంది.

ఒకసారి ఆయన స్కూటరు స్టార్టు చేస్తూ ఏదో చెప్పి వెళ్ళారు. సుధామణి అలాగేనండీ అంది. అని, తిన్నగా మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఆయన సాయంత్రం మనుషులు వస్తారన్నారా, మనుషుల్ని పంపుతానన్నారా, ఎక్కడికైనా మనుషుల్ని పంపమన్నారా, ఏదీ తెలియదు. ఇద్దరం మధ్యాహ్నమంతా ఆలోచించి, ఎందుకైనా మంచిదని పదిమందికి రొయ్యల కూర వండాం. ఎవరూ రాలేదు. ఆ కూర మా వీధంతా తిన్నది. ఆయన ఏం చెప్పారో ఈనాటికీ తెలియదు. మార్కెట్టుకి ఫోను చేసి అడగమన్నాను గానీ సుధామణి చేతులు జోడించింది.

అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల సత్యశ్రీ. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరవదు. ఏ పని చెప్పినా తలాడిస్తుంది. పిల్లంటే అలా ఉండాలని మా వీధిలో అందరం మెచ్చుకునేవాళ్ళం. నేనూ మెచ్చుకున్నాను.

తొంభైలో మే నెల తుఫానుకి ఆ పిల్ల వాళ్ళ నాయనమ్మ దానమ్మ దగ్గర, బందరు అవతల పల్లెలో ఉంది. నీళ్ళు దిగలేదు, పడవలు లేవు. హెలికాప్టరు వచ్చి అన్నం పొట్లాలు విసిరింది. సగం పొట్లాలు బురదనీళ్ళలో పడ్డాయి. దానమ్మ గుండెలోతు నీళ్ళలో దిగి, తేలుతున్న పొట్లం ఒకటి పట్టుకొచ్చి పిల్లకి పెట్టింది. విజయవాడ వచ్చాక ఆ పదమూడేళ్ళ పిల్ల నన్ను అడిగింది ఒకటే. హెలికాప్టరాయన ఇంకాస్త కిందికి ఎందుకు రాలేదు పిన్నిగారూ అని. నాకేం తెలుసు. చెట్లు అడ్డమేమో అన్నాను. తను నడిపితే కిందికి వస్తానంది. నవ్వి ఊరుకున్నాను.

డిగ్రీ అయ్యాక నిజంగానే విమానం నేర్చుకుంటానంది. కాశీరావుగారు వెళ్ళు అన్నారు. ఆయన ఎందుకు ఒప్పుకున్నారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి ఆ కారణం కూడా నాకు తెలియదు.

హైదరాబాదు అంచున ఒక చిన్న మైదానంలో నేర్పుతారు. నేర్పే ఆయన వెంకటప్పయ్యగారు, మన గుడివాడ వైపు మనిషే, సైన్యంలో విమానాలు నడిపి వచ్చినాయన. ఒకసారి ఏదో పనిమీద మా నంబరుకి ఆయనే ఫోను చేస్తే, సుధామణి వచ్చేలోగా నేను అడగాల్సినవన్నీ అడిగేశాను. ఆకాశంలో అంత ఖాళీ ఉండగా ఒకదానికొకటి గుద్దుకునే భయం ఎందుకండీ అన్నాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. పెద్ద ఎయిర్‌పోర్టు చుట్టూ ఆకాశంలో కొంత మేర వాళ్ళ అదుపులో ఉంటుందట. మన పొలాలకి గట్లుంటాయి. దానికి గట్టు కనబడదు, కానీ గట్టు ఉన్నట్టే. అందులోకి పెద్ద విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు చిన్న విమానంలో అటు పోకుండా ఉంటే అంత మంచిది. పోవాల్సి వస్తే గట్టు ఇంకా దూరంగా ఉండగానే రేడియోలో పర్మిషన్ అడగాలి. ఒప్పుకునేదాకా ఇవతలే గుండ్రంగా తిరుగుతూ ఉండాలి, ఎందుకంటే విమానాన్ని బస్సులా ఆపి నిలబెట్టలేం. వాళ్ళు ఏం చెప్తే అది మళ్ళీ వాళ్ళకే అప్పజెప్పాలి. అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమని అడగాలి.

ఇంతేనా అనుకున్నాను. పెసరట్టు వెయ్యడం ఇంతకంటే కష్టం అనిపించింది.

లైసెన్సు వచ్చిన వారం మా వీధంతా మిఠాయిలు పంచింది సుధామణి. పంచిందేగానీ ఆ రోజునుంచి ఆమెకి నిద్ర లేదు. మా ఫోను మోగితే చాలు, నేను కేకెయ్యకముందే గోడ అవతల గిన్నె కిందపడిన చప్పుడు వినబడేది.

శ్రావణమాసంలో ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఎత్తాను. ఎవరండీ అన్నాను. "పిన్నిగారూ, నేను బాగానే ఉన్నాను, అమ్మకి చెప్పండి" అని మాత్రం వినబడింది. ఏం జరిగిందే అని అడిగేలోగా పెట్టేసింది.

బాగానే ఉన్నానని చెప్పడానికి ఎవరూ అంత ఖర్చుపెట్టి ఫోను చెయ్యరు. ఆ మాట సుధామణికి ఎలా చెప్పాలో తెలియక గోడ దగ్గర నిలబడిపోయాను. నా మొహం చూసి ఆమె గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేనే గబగబా, పిల్ల మాట్లాడింది, గొంతు నేనే విన్నాను అని మూడుసార్లు చెప్పాను. ఆమె వినిపించుకోలేదు.

మర్నాడు పిల్ల వచ్చింది. హైదరాబాదు బస్సు గొల్లపూడి మీదుగా మా వైపునుంచే పోతుంది కాబట్టి కుమ్మరిపాలెం సెంటర్లో దిగి నడిచి వచ్చింది. ఎడమ కణత మీద నల్లగా కమిలి ఉంది. ఎవరితోనూ మాట్లాడలేదు. తండ్రి ఎదురుపడితే తలవంచుకుంది. రెండు రోజులు వాళ్ళింట్లో పొయ్యి వెలిగిందో లేదో నాకు తెలియదు. మూడోనాడు గన్నవరం వైపు పోయే విమానం మోత మా ఇళ్ళ మీద వినబడింది. సత్యశ్రీ చేతిలో ఉన్న నీళ్ళ బిందె వదిలేసి మా వంటింట్లోకి వచ్చి, తలుపు మూల నక్కి కూర్చుంది. అప్పుడు చెప్పింది. నేను అడగలేదు. అడిగితే ఆగిపోతుందేమోనని వంకాయలు తరుగుతూ ఊరుకున్నాను.

ఆ రోజు తను ఒంటరిగా విమానం తీసుకుని పక్క జిల్లా దాకా వెళ్ళి తిరిగి వస్తోంది. రాత్రి వాన కురిసి ఉంది. రోజూ వచ్చే దారి మీద మబ్బు కొండల్లా పేరుకుంది. మబ్బులోకి పోకూడదు, అందులో నేల ఎటో నింగి ఎటో తెలియదట. మిగిలిన దారి ఒక్కటే, పెద్ద ఎయిర్‌పోర్టు వాళ్ళ మేర అంచులోంచి రావాలి. రేడియో పెట్టింది. అందులో ఒకటే రద్దీ. పెద్ద విమానాలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. వాళ్ళు ఆపాక అడుగుదామని ఈ పిల్ల ఊరుకుంది. వాళ్ళు ఆపలేదు. ఈ పిల్ల ఊరుకుంది గానీ విమానం ఊరుకోదు కదా, గట్టు దగ్గరికి వస్తోంది. గుండ్రంగా తిరగాలని గుర్తొచ్చేసరికి అప్పటికే అంచు మీదికొచ్చేసింది.

చివరికి నోరు విప్పి అడిగింది. అవతలి ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇంత ఎత్తులో ఉండు, కింద చెరువుంది, దాని మీద తిరుగుతూ ఉండు, పెద్ద విమానం ఒకటి దిగుతోంది, అది దిగాక నేను చెప్తే అప్పుడు దాటు. ఇదీ ఆయన చెప్పింది. ఇదంతా తర్వాత వెంకటప్పయ్యగారు చెప్తే తెలిసింది. అప్పుడు ఈ పిల్లకి అందింది ఎత్తు ఒక్కటే.

"రోజర్" అంది. అంటే, విన్నాను అని.

అర్థమైందా, చెప్పింది తిరిగి చెప్పు అని ఆయన అడిగాడు. "రోజర్, సార్" అంది మళ్ళీ. ఈలోపు ఇంకో విమానం ఆయన్ని పిలిచింది. ఆయన అటు తిరిగాడు.

పిల్ల తిన్నగా ముందుకి పోయింది. కిందనుంచి చెరువు వెనక్కి జారిపోవడం చూసిందట. ఎండలో తెల్లగా మెరుస్తోందట. ఆ తర్వాత ఎడమవైపు, కాస్త పైన, ఒక మచ్చ కనబడింది. మొదట గద్ద అనుకుంది. గద్దయితే అటో ఇటో జరుగుతుంది. ఆ మచ్చ జరగడం లేదు, ఉన్నచోటే ఉండి పెద్దదవుతోంది. అలా జరగకుండా పెద్దదయిందంటే అది మన మీదికే వస్తోందని లెక్కట. ఈ మాట చెప్పినప్పుడు పిల్ల రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

చక్రాలు కనబడ్డాయి. కిందికి దించిన చక్రాలు, వాటి మధ్య ఇనుప కడ్డీలు. రేడియోలో ఎవరో తన విమానం నంబరు పిలిచి కుడికి తిరుగు, వెంటనే తిరుగు అంటున్నారు. అది తన నంబరేనని ఒక క్షణం తెలియలేదు. తిరిగింది. ఆ పెద్ద విమానం ఆకాశమంతా తనే అయి పక్కనుంచి పోయింది. పోయింది, బతికాను అనుకుంది. అప్పుడే అసలు దెబ్బ తగిలింది. పెద్ద విమానం వెనక గాలి సుడులు తిరుగుతుందట, నదిలో లాంచీ పోయాక చిన్న పడవ ఊగినట్టు. ఈ చిన్న విమానం ఒక రెక్క మీద పడిపోయింది. తల పక్క అద్దానికి కొట్టుకుంది. నేల ఉండాల్సిన చోట మబ్బు ఉంది, మబ్బు ఉండాల్సిన చోట చెరువు ఉంది. ఆ చెరువే, తను తిరగాల్సిన చెరువు.

ఎలా సరిచేసిందో గుర్తులేదట. వెంకటప్పయ్యగారు నేర్పింది చేతులే చేసి ఉంటాయి. దిగాక విమానాన్ని తిప్పే కర్ర మీంచి వేళ్ళు రాలేదు. ఆయన వచ్చి ఒక్కొక్క వేలూ విప్పారు.

వంకాయలు కోసిన నీళ్ళు నల్లబడేదాకా నేను కదల్లేదు. ఆ పెద్ద విమానంలో ఎంతమంది ఉన్నారే అని అడిగాను. తెలియదంది. వాళ్ళకి అసలు ఏమీ తెలిసి ఉండదు పిన్నిగారూ, చక్కెర సరిపోలేదని కాఫీలు తిరిగి ఇస్తుంటారు అంది. అని ఏడ్చింది.

నాలుగు రోజుల తర్వాత వెంకటప్పయ్యగారి ఫోను వచ్చింది. పైవాళ్ళు విచారించారట. ఆ రోజు దిగగానే, ఎందుకు చెప్పినట్టు చెయ్యలేదని అడిగితే, అర్థమైందనుకున్నానని పిల్ల చెప్పిందట. పొరపాటు పడింది, మొదటి తప్పు అని లైసెన్సు తీసేయలేదు. కానీ పక్కన పరీక్ష చేసే ఆయన కూర్చుంటే, అదే దారిలో, అదే రద్దీలో మళ్ళీ నడిపి చూపించాలి. వచ్చే శుక్రవారం. రాకపోతే ఇక అంతే. "అమ్మా, పిల్ల చెయ్యి మంచిది. చేతికేం భయం లేదు" అన్నారాయన. మరి దేనికుంది అని నేను అడిగాను.

ఆ సాయంత్రం కాశీరావుగారు తనంతట తానే మా గుమ్మంలోకి వచ్చారు. పాతికేళ్ళలో అది రెండోసారి. ఏం జరిగిందో తనకి ఎవరూ చెప్పడం లేదన్నారు. ఎవరు చెప్తారు, అడిగితే కదా. నేను మొత్తం చెప్పాను, ఏదీ దాచలేదు. అర్థం కాకపోతే మళ్ళీ అడగాలట, చెప్పింది తిరిగి అప్పజెప్పాలట, మీ అమ్మాయి రెండూ చెయ్యలేదట, సార్ రోజర్ అందట అన్నాను. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడి విన్నారు. "రోజర్ అంటే ఏంటండీ" అని అడిగారు. మన అలాగేనండీ లాంటిదే అన్నాను. ఆయన చెప్పులు వేసుకోకుండానే వెళ్ళిపోయారు. మర్నాడు సుధామణి వచ్చి ఆ చెప్పులు పట్టుకెళ్ళింది.

గురువారం రాత్రి బస్సు టైము చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల వెళ్తుందో లేదో అప్పటికీ తేలలేదు. బ్యాగు సర్దుకుంది, మళ్ళీ విప్పింది, మళ్ళీ సర్దింది. అన్నాల దగ్గర కాశీరావుగారు కంచంలోకే చూస్తూ, ఎప్పటిలాగే ఒక్క గుక్కలో చెప్పారు. పొద్దున మొదటి బస్సెక్కు, ముందు సీట్లో కూర్చోకు, సూర్యాపేటలో ఏమీ తినకు, దిగగానే పక్కింటి మాణిక్యంగారి నంబరుకి చెయ్యి, రొయ్యల పచ్చడి రెండు సీసాలున్నాయి, చిన్నది వెంకటప్పయ్యగారికి ఇవ్వు, పెద్దది…

ఆ పెద్దదాని సంగతి ఫ్యాను మోతలో కొట్టుకుపోయింది.

సత్యశ్రీ ముద్ద కింద పెట్టింది. "నాన్నా, మళ్ళీ చెప్పండి. సూర్యాపేట దాకానే విన్నాను."

సుధామణి గరిటె గాలిలో ఆగింది. కాశీరావుగారు మొహం పక్కకి తిప్పారు. ఆ నిట్టూర్పు సగం వచ్చింది కూడా, నేను విన్నాను. పిల్ల తల దించలేదు. ఆయన మొహం మళ్ళీ ఇటు తిప్పారు. మొదటినుంచీ చెప్పారు, ఈసారి ఒక్కొక్కటీ విడివిడిగా. పెద్ద సీసా పరీక్ష చేసే ఆయనకట.

"ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నారు.

పిల్ల అప్పజెప్పింది. సీట్ల దగ్గర తడబడింది. ఆయన సరిదిద్దారు. మళ్ళీ చెప్పింది. ఆ ఇంట్లో ఒక మాట రెండుసార్లు చెప్పగా నేను వినడం అదే మొదలు.

పొద్దున సెంటరు దాకా నేనే తోడు వెళ్ళాను. సుధామణి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. థర్మల్ స్టేషన్ గొట్టాల పొగ మబ్బుల్లో కలిసిపోతోంది. మళ్ళీ వాన పట్టేట్టుంది. పిల్ల ఆ మబ్బుకేసే చూస్తోంది, కణత మీద మచ్చ పసుపురంగులోకి తిరిగింది. బాలశౌరి కొట్టు తలుపు తీస్తూ మమ్మల్ని చూసి, అమ్మాయి కాలు నయమైందా అని అడిగాడు. నేను చూసిన చూపుకి లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు వారం రోజులుగా ఒకటి నలుగుతోంది. అర్థమైందనుకున్నానని ఆ పిల్ల విచారించిన పైవాళ్ళకి చెప్పింది. వాళ్ళు నమ్మారు. కానీ సుధామణి ఆ రొయ్యల కూర వండిన రోజు అలాగేనండీ అని మా ఇంటికి పరుగెత్తుకొచ్చినప్పుడు, తనకి అర్థంకాలేదని తనకి తెలుసు. దూరంగా బస్సు హారన్ వినబడింది. ఇక ఆగలేక అడిగేశాను. సత్యా, నిజం చెప్పు, ఆ రోజు రోజర్ అన్నప్పుడు నీకు అర్థం కాలేదని నీకు తెలుసా, తెలియదా?

పిల్ల రెండు సీసాల సంచీ గుండెకి హత్తుకుంది. నావైపు చూడకుండా, బస్సు వస్తున్న వైపు చూస్తూ చెప్పింది.

"తెలుసండీ పిన్నిగారూ. తిరిగి చెప్పమన్నప్పుడు ఆయన గొంతులో విసుగు వినబడింది. ఆ విమానం నా మీదికి వచ్చేదాకా నేను భయపడిందంతా, ఆయన ఇంకోసారి విసుక్కుంటారేమోననే. ఇవాళ దిగగానే ముందు ఈ మాట చెప్తాను వాళ్ళకి. అది విన్నాక కూడా ఎక్కనిస్తే, అప్పుడు ఎక్కుతాను."